ఊపిరి లెక్క

(కర్నూలులో వేసవి బాక్సింగ్ శిబిరం ముగింపు రోజున చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, ఈ ఎండను లెక్కచేయకుండా ఊళ్ల నుంచి బస్సులెక్కి వచ్చిన తల్లిదండ్రులకు, నెల రోజులుగా తెల్లవారుజామునే లేచి మైదానానికి వస్తున్న పిల్లలకు నమస్కారం.

ఒక ప్రపంచ ఛాంపియన్ గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఎవరి గురించి అన్నది నాకే వదిలేశారు. ఇలాంటి సభల్లో సాధారణంగా మహమ్మద్ అలీ పేరు వినబడుతుంది. 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో న్యూఢిల్లీలోనూ ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్వర్ణాలు గెలిచిన మన తెలుగింటి అమ్మాయి, నిజామాబాద్ నిఖత్ జరీన్ గురించి చెప్పినా మీరందరూ సంతోషంగా వింటారు. అయినా నేను ఈ రోజు అలీ చేతిలో ఓడిపోయిన మనిషిని ఎంచుకున్నాను. ఆయన జార్జ్ ఫోర్‌మన్. 2025 మార్చి 21న, 76 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఎందుకు ఎంచుకున్నానో ముందే చెబుతాను. నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరిన తొలి సంవత్సరాల్లో ఒక కుర్రవాణ్ణి జిల్లా స్థాయి పోటీకి తయారు చేశాను. బేతంచెర్ల వైపు నాపరాళ్ల గనుల్లో తండ్రికి సాయం చేసి గట్టిపడిన చేతులు వాడివి. ఇసుక నింపిన గోనెసంచిని వాడు కొడితే దాన్ని వేలాడదీసిన దూలం కదిలేది. పోటీ రోజున నేను రింగు పక్కన నిలబడి మొదటి గంట మోగినప్పటి నుంచీ ‘కొట్టు, కొట్టు’ అని అరుస్తూనే ఉన్నాను. వాడు నా మాట విన్నాడు. రెండో రౌండు సగానికి వచ్చేసరికి చేతులు నడుము దాకా జారిపోయాయి, నోరు తెరుచుకుంది, వాడిలో సగం బలం కూడా లేని ఒక బక్కపలుచని పిల్లవాడు నింపాదిగా పాయింట్లు ఏరుకుంటూ పోయాడు. రింగు దిగి వచ్చాక వాడు నా ముఖంలోకి చూడలేదు. ఆ ఓటమి నాదే. ఊపిరిని ఎలా దాచుకోవాలో వాడికి నేను ఒక్క ముక్క కూడా నేర్పి ఉండలేదు. ఫోర్‌మన్ జీవితాన్ని నేను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. ఎందుకంటే నా శిష్యుడికి ఒక చిన్న ఊళ్లో జరిగినది, ఆయనకు ప్రపంచమంతా చూస్తుండగా జరిగింది.

ఈ సభలో బండలాగుడు పోటీ చూడని వాళ్లు ఎవరూ ఉండరనుకుంటాను. తిరునాళ్లలో పాలపళ్ల కోడెలు మొదటి విసురులోనే బండను ఈడ్చుకుపోతుంటే జనం ఈలలు వేస్తారు. కానీ తల పండిన రైతు ఆ ఈలలకు చెర్నాకోల ఎత్తడు. ఇచ్చిన సమయంలో మొత్తం ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క అని, ఆఖరి నిమిషాల్లో ఎద్దుల డొక్కలు ఎలా ఎగసిపడతాయో అప్పుడే జత సత్తా తెలుస్తుందని ఆయనకు తెలుసు. ఫోర్‌మన్ తొలి జీవితం పాలపళ్ల కోడెది. ఆ మాట చిన్నచూపుతో అనడం లేదు. అంత బలమైన కోడె, బాక్సింగ్‌లో అందరికంటే బరువైనవాళ్లు ఆడే హెవీవెయిట్ విభాగపు చరిత్రలోనే అరుదు.

1949 జనవరి 10న టెక్సాస్ రాష్ట్రంలోని మార్షల్ అనే ఊళ్లో పుట్టాడు. పెరిగింది హ్యూస్టన్ నగరంలో, నల్లజాతి పేదలు ఎక్కువగా ఉండే ఫిఫ్త్ వార్డులో. ఏడుగురు పిల్లల సంసారాన్ని తల్లి కూలి పనులు చేసి నెట్టుకొచ్చింది. బడికి వెళ్లేటప్పుడు ఖాళీ కాగితపు సంచిలో గాలి ఊది, లోపల మధ్యాహ్న భోజనం ఉన్నట్టు కనబడేలా పట్టుకు వెళ్లేవాణ్ణని ఆయనే చెప్పుకున్నాడు. మన బడుల్లో మధ్యాహ్న భోజనం వరుసలో నిలబడే పిల్లలను ముప్పై ఏళ్లు చూసినవాణ్ణి, ఆ సంచి సంగతి చదివినప్పుడు పుస్తకం కాసేపు మూసి పక్కన పెట్టాను. చదువు మధ్యలోనే ఆగిపోయింది. వీధుల్లో దారిన పోయేవాళ్ల డబ్బు లాక్కునేదాకా వచ్చాడు. ఒకసారి పోలీసులు తరుముతుంటే కుక్కలు వాసన పట్టకుండా ఒళ్లంతా బురద పూసుకొని ఒక ఇంటి కింద దాక్కున్నాడు. ఆ బురదలో పడుకొని ఉండగానే తాను దొంగనైపోయానన్న సంగతి మొదటిసారి మనసుకు తట్టిందట.

అక్కడి నుంచి ఆయన్ని బయటికి తెచ్చింది ఒక ప్రభుత్వ పథకం. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కాలంలో, చదువు మానేసిన పేద యువకులకు పని నేర్పడానికి జాబ్ కోర్ అనే కార్యక్రమం మొదలైంది. ఫోర్‌మన్ అందులో చేరి ఒరెగాన్‌కూ, తర్వాత కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌కూ వెళ్లాడు. అక్కడ డాక్ బ్రాడస్ అనే శిక్షకుడు ఆయన చేతికి గ్లోవ్స్ తొడిగాడు. తర్వాత రెండేళ్లు తిరిగేలోపే, 1968 మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో, సోవియట్ బాక్సర్ యోనాస్ చెపులిస్‌ను రెండో రౌండులోనే ఆపి హెవీవెయిట్ స్వర్ణం గెలిచాడు. అప్పటికి వయసు 19 ఏళ్లు.

ఇక్కడ తల్లిదండ్రుల కోసం ఒక వివరం చెప్పాలి. మన పిల్లలు ఆడే అమెచ్యూర్ బాక్సింగ్‌లో పెద్దల పోటీకి మూడు రౌండ్లు ఉంటాయి, మూడేసి నిమిషాలు, మొత్తం తొమ్మిది నిమిషాలు. వృత్తి బాక్సింగ్‌లో ప్రపంచ టైటిల్ పోటీ ఇప్పుడు పన్నెండు రౌండ్లు, అంటే ముప్పై ఆరు నిమిషాలు. ఫోర్‌మన్ తొలిసారి ఛాంపియన్ అయిన రోజుల్లో అది పదిహేను రౌండ్లు. 1982లో కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్ పద్నాలుగో రౌండులో కుప్పకూలి, కొద్ది రోజులకే ప్రాణాలు విడిచిన తర్వాత, ఒకదాని వెంట ఒకటిగా బాక్సింగ్ సంస్థలు దాన్ని పన్నెండుకు తగ్గించాయి. పైగా అమెచ్యూర్ ఆటగాడి వెనక రాష్ట్రం, సంఘం, జట్టు ఉంటాయి. వృత్తి బాక్సర్‌కు అది బతుకుతెరువు. పోటీ పెట్టేవాడు ప్రమోటర్, పోటీకి వచ్చే సొమ్ము పర్స్, అందులో మేనేజరుకూ శిక్షకుడికీ వాటాలు. ఛాంపియన్ అని చెప్పే సంస్థ కూడా ఒక్కటి కాదు, డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో అని నాలుగు, నాలుగింటికీ వేర్వేరు బెల్టులు. ఒక్క ఓటమితో వరుసలో ఎంతో వెనక్కి పోవచ్చు. అందుకే అక్కడ పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి తొందర ఎక్కువ, ఆ తొందరను సొమ్ము చేసుకునేవాళ్లూ ఎక్కువ.

ఫోర్‌మన్ 1969లో వృత్తిలోకి వచ్చాడు. మొదట్లో మాజీ ఛాంపియన్ సోనీ లిస్టన్‌తో కలిసి సాధన చేసేవాడు. లిస్టన్ ఎవరితోనూ నవ్వుతూ మాట్లాడని మనిషి, ఆ ముఖం ముడుచుకోవడం కూడా ఫోర్‌మన్‌కు అబ్బింది. నాలుగేళ్లలో 37 పోటీలు ఆడి అన్నీ గెలిచాడు, వాటిలో చాలావరకు రెండు మూడు రౌండ్లలోనే ముగిసిపోయాయి. 1973 జనవరి 22న జమైకాలోని కింగ్‌స్టన్‌లో నాటి ప్రపంచ ఛాంపియన్ జో ఫ్రేజియర్‌ను ఎదుర్కొన్నాడు. రెండేళ్ల కిందట అలీని ఓడించిన ఫ్రేజియర్ అప్పటికి ఒక్క ఓటమీ ఎరగడు. అలాంటి మనిషిని ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఆరుసార్లు నేలకు పడగొట్టాడు. ఒక దెబ్బకు ఫ్రేజియర్ రెండు పాదాలూ నేల వదిలి పైకి లేచాయి. మరుసటి ఏడాది కరాకస్‌లో కెన్ నార్టన్‌నూ రెండో రౌండులోనే ముగించాడు.

ఈ విజయాల్లోనే ఆయన ఓటమి దాగి ఉంది. నలభై పోటీలు గెలిచిన మనిషి, పది రౌండ్లు నిలబడి ఊపిరి కూడదీసుకోవలసిన అవసరం దాదాపు ఎరగకుండానే ప్రపంచ ఛాంపియన్‌గా ఆఫ్రికా విమానం ఎక్కాడు. బావి ఎంత లోతుందో చూడాలంటే నీళ్లు అడుగంటాలి కదా. ఆయన బావి అప్పటిదాకా ఎప్పుడూ అడుగంటలేదు.

1974 అక్టోబర్ 30న, నాటి జైర్ దేశపు రాజధాని కిన్షాసాలో అలీతో పోటీ జరిగింది. అసలు సెప్టెంబర్‌లోనే జరగాలి, సాధనలో ఫోర్‌మన్ కంటి పైన చర్మం చీలడంతో వాయిదా పడింది. డాన్ కింగ్ అనే ప్రమోటర్ జైర్ అధ్యక్షుడు మొబుటూ చేత డబ్బు పెట్టించి, ఇద్దరికీ చెరో 50 లక్షల డాలర్లు ఒప్పించాడు. అమెరికాలో జనం చూసే వేళకు సరిపడేలా అక్కడ తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో పోటీ మొదలైంది. గాలి ఆడని ఉక్కపోత. మన రోహిణి కార్తెలో తుంగభద్ర ఒడ్డున తెల్లవారుజామున కూడా ఒంటికి చొక్కా అంటుకుపోతుందే, అంతకంటే ఎక్కువ తేమ.

రెండో రౌండు నుంచి అలీ చేసినది చూసి ఆయన సొంత మూలలోని మనుషులే కంగారుపడ్డారు. రింగు మధ్యలో తిరగడం మానేసి తాళ్లకు ఆనుకున్నాడు. మోచేతులు పొట్టకు అదిమి, గ్లోవ్స్ చెంపలకు ఆనించి, నడుము వెనక్కి వాల్చి, ఫోర్‌మన్‌ను కొట్టనిచ్చాడు. ఫోర్‌మన్ కొట్టాడు. చేతుల మీద, భుజాల మీద, పక్కటెముకల మీద, గాలిలోనూ కొట్టాడు. గాలిలో పోయిన దెబ్బ తగిలిన దెబ్బకంటే ఎక్కువ అలసట తెస్తుంది, ఎందుకంటే ఆ విసురును ఆపుకోవలసింది మన కండరాలే. దగ్గరికి వచ్చినప్పుడల్లా అలీ ఆయన మెడ మీద చేతులు వేసి బరువంతా మోపేవాడు. అది కూడా ఊపిరి తీసే పనే. ఏడో రౌండులో తాను బలంగా కొట్టిన ఒక దెబ్బ తర్వాత, ఇంతేనా జార్జ్ అని అలీ చెవిలో అడిగాడని ఫోర్‌మనే తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. ఇంతే, నిజంగానే ఇంతే అని తన మనసులో అనుకున్నాడట. ఎనిమిదో రౌండు ఆఖరి క్షణాల్లో అలీ తాళ్ల నుంచి పక్కకు జరిగి వరుసగా కొట్టాడు. చివరి కుడి చేతి దెబ్బకు ఫోర్‌మన్ గుండ్రంగా తిరుగుతూ కింద పడ్డాడు. రిఫరీ పది లెక్కపెట్టాడు. పోటీ ముగిసిన కొద్దిసేపటికే కుండపోతగా వాన కురిసింది.

చాలామంది ఫోర్‌మన్ కథను ఇక్కడి నుంచి ఒక్క గంతులో, ఆయన మళ్లీ ఛాంపియన్ అయిన 1994కు తీసుకుపోతారు. అది పొరపాటని నా అభిప్రాయం. మధ్యలోని సంవత్సరాల్లోనే చూడవలసింది ఉంది. ఓడిపోయాక ఆయన చాలా కాలం ఓటమిని ఒప్పుకోలేదు. తాళ్లు వదులు చేశారన్నాడు, లెక్క తొందరగా పెట్టారన్నాడు, తనకిచ్చిన నీళ్లలో ఏదో కలిపారన్నాడు. 1975లో టొరంటోలో ఒకే రోజు ఐదుగురితో ఒకరి తర్వాత ఒకరితో తలపడి తన బలం చూపించుకోబోయాడు. 1976లో రాన్ లైల్‌తో జరిగిన పోటీలో ఇద్దరూ నేల కరిచి లేచి, ఐదో రౌండులో ఫోర్‌మన్ గెలిచాడు. అప్పటికీ కోపమే ఆయన ఆయుధం. కోపంతో ఉన్నప్పుడు పళ్లు బిగుస్తాయి, భుజాలు పైకి లేస్తాయి, శ్వాస ఛాతీ పైభాగంలోనే ఆగిపోతుంది. పిల్లలూ, ఇది నీతి కోసం చెబుతున్న మాట కాదు. మీలో ఎవరైనా స్పారింగ్‌లో, అంటే సాధన కోసం తలపడేటప్పుడు, కోపం తెచ్చుకున్న రోజున మరుసటి రౌండుకు ఎలా ఆయాసపడ్డారో మీకే తెలుసు.

1977 మార్చి 17న ప్యూర్టోరికోలోని శాన్ హువాన్‌లో జిమ్మీ యంగ్ అనే నేర్పరి చేతిలో పన్నెండు రౌండ్ల తర్వాత పాయింట్ల మీద ఓడిపోయాడు, ఆఖరి రౌండులో కింద కూడా పడ్డాడు. ఆ రాత్రి దుస్తులు మార్చుకునే గదిలో, తాను చచ్చిపోయి దేవుడి దయతో తిరిగి వచ్చానని అనిపించే అనుభవం కలిగిందని ఆయన జీవితమంతా చెప్పాడు. వైద్యులు దాన్ని ఎండదెబ్బ అనుకోవచ్చు. ఆయన మాత్రం గ్లోవ్స్ విప్పేసి హ్యూస్టన్‌లో పాస్టర్ అయ్యాడు. పదేళ్లపాటు బాక్సింగ్ జోలికి పోలేదు. 1984లో వీధి పిల్లల కోసం ఒక యువజన కేంద్రం తెరిచాడు. ఒకప్పుడు తాను పరుగెత్తిన వీధుల్లోని పిల్లలే వాళ్లు. దాన్ని నడపడానికి డబ్బు చాలలేదు. నలుగురి ముందు చేయి చాపడం సిగ్గనిపించి, తనకు వచ్చిన పనికే తిరిగి వెళ్లాడు.

1987 మార్చిలో శాక్రమెంటోలో రింగులోకి దిగిన రోజున ఆయన బరువు 121 కిలోలు. కిన్షాసాలో ఉన్నదానికంటే ఇరవై కిలోలు ఎక్కువ. పత్రికలవాళ్లు నవ్వారు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వాడు, ముడుచుకున్న ముఖం ఎప్పుడో పోయింది. కానీ ఆట తెలిసినవాళ్లు చూడవలసినవి వేరే ఉన్నాయి. పాత ఛాంపియన్ ఆర్చీ మూర్ నుంచి నేర్చిన పద్ధతిలో, రెండు చేతులూ ముఖం ముందు అడ్డంగా ఒకదాని మీద ఒకటి పెట్టుకొని దెబ్బలు కాచుకునేవాడు. ఎదుటివాడి వెంట పరుగెత్తేవాడు కాదు, చిన్న చిన్న అడుగులతో దారి మూసేవాడు. చేయి విసరడం తగ్గించి, ఎడమ చేతి జాబ్‌ను, అంటే ముందు చేత్తో నేరుగా వేసే పొడుపు దెబ్బను, ఒక కర్రలాగా నిలబెట్టి వాడేవాడు. రౌండ్ల మధ్య ఒక్క నిమిషం విరామంలో కూడా స్టూలు మీద కూర్చోకుండా నిలబడే ఉండటం అలవాటు చేసుకున్నాడు. మీ కోచ్ మీకు చెప్పేదే అది: ఊపిరి మిగిలి ఉన్నప్పుడు మిగిలి ఉన్నట్టు ఎదుటివాడికి కనబడాలి.

1991 ఏప్రిల్‌లో అట్లాంటిక్ సిటీలో, 42 ఏళ్ల వయసులో, 28 ఏళ్ల ఛాంపియన్ ఎవాండర్ హోలీఫీల్డ్‌తో పూర్తిగా పన్నెండు రౌండ్లు నిలబడ్డాడు. పాయింట్ల మీద ఓడిపోయాడు. నా లెక్కలో ఆయన రెండో జీవితంలో అతి విలువైన రాత్రి అదే. కిన్షాసాలో ఎనిమిదో రౌండుకు ఖాళీ అయిన మనిషి, పదిహేడేళ్లు పెద్దవాడై, పన్నెండో రౌండు ఆఖరి గంట విన్నాడు.

1994 నవంబర్ 5న లాస్ వెగాస్‌లో మైకేల్ మూరర్‌తో పోటీ. మూరర్ వయసు 26, ఆడిన 35 పోటీల్లోనూ ఓటమి లేదు. ముదుసలికి టైటిల్ పోటీ ఏమిటని అభ్యంతరాలు వస్తే ఫోర్‌మన్ కోర్టుకు వెళ్లి ఆ అవకాశం దక్కించుకున్నాడు. ఇరవై ఏళ్ల కిందట కిన్షాసాలో వేసుకున్న ఎర్ర నిక్కరునే మళ్లీ వేసుకొని వచ్చాడు. ఆయన మూలలో ఉన్న ఏంజెలో డండీ, కిన్షాసాలో అలీ మూలలో నిలబడిన శిక్షకుడే. ఆ పోటీ ఫలితం సోమవారం పత్రికలో చిన్న వార్తగా చదివి నేను నమ్మలేకపోయాను, మా పాఠశాల స్టాఫ్ రూములో మిగతావాళ్లకు రెండుసార్లు చదివి వినిపించాను.

తొమ్మిది రౌండ్లు ముగిసేసరికి మూరర్‌దే పైచేయి. ముగ్గురు న్యాయనిర్ణేతల కాగితాల మీదా అతనే ముందున్నాడు. మూరర్ ఎడమ చేతివాటం ఆటగాడు, అంటే కుడి పాదం, కుడి చేయి ముందుంచి నిలబడతాడు. అలాంటివాడికి ఎదుటివాడి కుడి చేతి నేరు దెబ్బ రెండు చేతుల మధ్య ఖాళీలోంచి రావచ్చు. కనుక అతను ఎక్కడా నిలవకుండా తన కుడివైపుకు తిరుగుతూ ఉండాలి. ఫోర్‌మన్ తొమ్మిది రౌండ్లపాటు ఓపికగా జాబ్ వేస్తూ, పక్కటెముకల మీద కొడుతూ, ఆ తిరగడాన్ని నెమ్మదింపజేశాడు. పాయింట్లు పోతున్నా గాబరా పడలేదు. పదో రౌండులో ఎడమ చేతి జాబ్, దాని వెనకే మూరెడు కూడా సాగని కుడి చేతి దెబ్బ గడ్డం మీద పడింది. మూరర్ వెల్లకిలా పడిపోయాడు. ఫోర్‌మన్ తన మూలకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చొని ప్రార్థన చేశాడు. 45 ఏళ్లకు హెవీవెయిట్ ఛాంపియన్. అంతకుముందు ఈ విభాగంలో అతి పెద్ద వయసులో టైటిల్ గెలిచినవాడు 1951లో జెర్సీ జో వాల్కాట్, వయసు 37.

మిగతాది త్వరగా చెప్పేయవచ్చు. ఆ బెల్టులు ఒక ఏడాదిలోపే చేజారాయి, 1997లో ఆఖరి పోటీ ఆడాడు. మొత్తం 81 పోటీల్లో 76 గెలుపులు, వాటిలో 68 నాకౌట్లు. తన పేరు మీద అమ్మిన వంట గ్రిల్లుల వల్ల బాక్సింగ్‌లో వచ్చినదానికంటే ఎక్కువ సంపాదించాడు. ఐదుగురు కొడుకులకూ జార్జ్ అనే పేరు పెట్టాడు.

తల్లిదండ్రుల మనసులో ఉన్న భయం నాకు తెలుసు, దాన్ని దాటవేసి పోను. తలకు పదే పదే దెబ్బలు తగలడం మెదడుకు హాని చేస్తుంది, అందులో సందేహం లేదు. అలీకి 1984లో పార్కిన్సన్స్ వ్యాధి నిర్ధారణ అయ్యాక ఆయన చేతులు, మాట ఎలా అయిపోయాయో ప్రపంచమంతా చూసింది. అందుకే దెబ్బ తినకుండా ఉండటం నేర్పని కోచ్ దగ్గరికి మీ పిల్లలను పంపవద్దని నేను ఎప్పుడూ చెబుతాను. తల తిరిగిందని పిల్లవాడు చెప్పిన రోజున, వైద్యుడు సరేననేదాకా స్పారింగ్ చేయించకూడదు. కిన్షాసా పోటీ మీద తీసిన డాక్యుమెంటరీకి 1997లో ఆస్కార్ వచ్చినప్పుడు ఆ ఇద్దరూ సభకు వచ్చారు. వణుకుతున్న అలీ వేదిక మెట్లెక్కలేకపోతే, చేయి పట్టుకొని ఎక్కించినవాడు ఫోర్‌మనే. ఓటమికి సాకులు వెతికిన రోజులు అప్పటికి ఎంతో వెనకబడ్డాయి.

ఇప్పుడు తెర మీద ఆ పదో రౌండు వేయిస్తాను. లైట్లు తీసేలోపు పిల్లలకు ఒక్క మాట. ఆఖరి దెబ్బ చూడాలని తొందరపడకండి, అది ఎలాగూ కనబడుతుంది. ముందు ఫోర్‌మన్ నోరు చూడండి, తెరుచుకొని ఉందో మూసుకొని ఉందో గమనించండి. తర్వాత ఎడమ చేయి చూడండి. గంట కొట్టినప్పటి నుంచి ఆ చేయి ఎన్నిసార్లు ముందుకు వెళ్లిందో మీరే లెక్కపెట్టి, రేపు పొద్దున మైదానంలో నాకు చెప్పండి.